పలాస మిల్లు బిల్లింగ్ ప్రోగ్రామ్: 465లో టైమవుట్, 587లో 535 ఎర్రర్ (సమాధానం)

జీడిపప్పు బిల్లుల్ని సీ షార్ప్ ప్రోగ్రామ్ నుంచి జీమెయిల్‌లో పంపబోతే 465 పోర్టులో (సర్వర్‌కి కలిసే ద్వారం నంబరు) టైమవుట్, 587లో 535 ఎర్రర్ వస్తోందన్నారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ.

డాట్‌నెట్‌తో వచ్చే ఎస్ఎంటీపీ క్లయింట్‌కి (మెయిల్ పంపే భాగానికి) 465 పోర్టు పద్ధతి రాదు. సర్వరేమో మీవైపు నుంచి టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) మొదలవ్వాలని, మీ ప్రోగ్రామేమో సర్వర్ ముందు పలకరించాలని ఎదురుచూస్తాయి. దాన్ని వదిలేసి మెయిల్‌కిట్ అనే లైబ్రరీ పెట్టండి, మైక్రోసాఫ్ట్ సూచించేదీ అదే. పోర్టు 587, స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా కలిశాక టీఎల్ఎస్‌కి మారే పద్ధతి).

535 అంటే మీ మామూలు పాస్‌వర్డ్ చెల్లలేదని. ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఇలాంటి ప్రోగ్రామ్‌ల కోసం గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. దాన్ని కోడ్‌లో రాయొద్దు, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచండి.

ఆర్డర్లు అందుకోవడానికి ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి), పోర్టు 993. అన్‌రీడ్ గుర్తును మాత్రం నమ్మొద్దు: ఓనరు ఫోన్లో తెరిచేస్తే ఆ ఆర్డరు మీ ప్రోగ్రామ్‌కి కనిపించదు. చివరిగా చదివిన యూఐడీతో (ఫోల్డర్‌లో ఆ మెయిల్ నంబరు) పాటు యూఐడీ వాలిడిటీని (ఆ నంబర్లు ఇంకా చెల్లుతాయో లేదో చెప్పే అంకె) కూడా డేటాబేస్‌లో ఉంచండి. వాలిడిటీ మారిందా, ఫోల్డర్ మొత్తం మళ్లీ చదివి, మెసేజ్ ఐడీ (మెయిల్ హెడర్‌లో ఉండే దాని సొంత గుర్తు) చూసి పాతవి వడగట్టాలి.

పంపేది అసింక్‌లోనే (స్క్రీన్‌ని ఆపకుండా వెనక జరిగేలా) చెయ్యండి, పంపుతున్నంతసేపూ బటన్ ఆపేయండి. లేదంటే స్క్రీన్ బిగుసుకుపోయిందని గుమస్తా మళ్లీ నొక్కుతాడు, పార్టీకి రెండు బిల్లులు వెళ్తాయి.