సెలవు చీటీ ఇవ్వండి, రాజీనామా కాదు

సందేహం: హనుమకొండలో రిజిస్టరైన ఒక మహిళా ఇంజినీర్ల సంఘానికి అధ్యక్షురాలిని. పదవీకాలం ఇంకా 14 నెలలు ఉంది. మడికొండ ఐటీ పార్కులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు ఎనిమిదో నెల. డాక్టర్ విశ్రాంతి తీసుకోమనడంతో గత రెండు కార్యవర్గ సమావేశాలకు వెళ్లలేదు. మూడోది సరిగ్గా కాన్పు వారంలో పెట్టారు. వరుసగా మూడు సమావేశాలకు సెలవు కోరకుండా రాకపోతే పదవి పోతుందని బైలాలో (సంఘం నియమావళిలో) ఉందట. ‘ఇగ కాన్పు చూసుకోండ్రి మేడం, రాజీనామా రాసియ్యుండ్రి’ అంటున్నారు. చట్టం ఇచ్చే 26 వారాల సెలవు ఈ పదవికి వర్తించదా? సెలవులో ఉండి సంఘం పని చేస్తే కంపెనీ ఊరుకుంటుందా?

జవాబు: రాజీనామా మాత్రం రాయకండి. వాట్సాప్‌లో ‘సరే, తప్పుకుంటా’ అని కూడా పెట్టకండి. తర్వాత ఆ ఒక్క మెసేజ్ చుట్టూనే వ్యాజ్యమంతా తిరుగుతుంది.

26 వారాల సెలవు ఉద్యోగికి, యజమానికి మధ్య సంగతి. మీరు సంఘానికి జీతం తీసుకునే ఉద్యోగి కారు, గౌరవ పదవిలో ఉన్నారు. కాబట్టి ఆ సెలవు ఇక్కడికి రాదు. రాజ్యాంగంలోని సమానత్వ హక్కును కూడా ప్రభుత్వం మీద ప్రయోగించినట్టు ఒక ప్రైవేటు సంఘం మీద నేరుగా ప్రయోగించలేం. ఇక్కడ మీకు రక్షణ మీ బైలాయే. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం కనుక, రిజిస్ట్రార్ దగ్గరున్న బైలా ప్రతి ఏది చెప్తే అదే లెక్క. ‘ఉందట’ అన్నారంటే మీరు చదవలేదన్నమాట. ముందు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు తీసుకోండి. సంఘాల్లో చేతులు మారే జిరాక్సుల్లో పాత సవరణలు ఎగిరిపోవడం మామూలే.

నకలు చేతికొచ్చాక ఆ నిబంధనను మాట మాటా విడదీసి చదవండి. ‘సెలవు కోరకుండా’ అని ఉంటే అడిగితే చాలు, ‘అనుమతి లేకుండా’ అని ఉంటే కార్యవర్గం మంజూరు చేయాలి. రెండింటికీ చాలా తేడా ఉంది. ‘పదవి ఖాళీ అయినట్టే’ అని ఉందా, ‘తొలగించవచ్చు’ అని ఉందా? రెండోదైతే నోటీసు ఇచ్చి, మీ సంజాయిషీ విని, తీర్మానం చేయాలి. మొదటిదైనా, గైర్హాజరుకు కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని వాదించడానికి వీలుంటుంది. ఇక ఆ రెండు సమావేశాల సంగతి. బైలా చెప్పిన గడువుతో మీకు నోటీసు అందిందా? కోరం (సమావేశానికి కావలసిన కనీస హాజరు) ఉందా? కోరం లేక వాయిదా పడినదాన్ని మీ గైర్హాజరు కింద లెక్కేస్తే నిలవడం కష్టం. మినిట్స్ పుస్తకంలో ఆ రెండు పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి. ‘అధ్యక్షురాలు అనారోగ్య కారణంగా రాలేదు’ అని కార్యదర్శి రాసి ఉంటే సగం కేసు అక్కడే మీ వైపు వచ్చినట్టు.

మూడో సమావేశానికి ముందే కార్యదర్శి పేర ఉత్తరం రాయండి. నాలుగు వాక్యాలు చాలు: ‘వైద్యుల సలహా మేరకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగే కార్యవర్గ సమావేశాలకు సెలవు కోరుతున్నాను. గత రెండు సమావేశాలకు రాకపోవడానికి కారణం జతపరిచిన వైద్య ధ్రువపత్రంలో ఉంది. బైలా ప్రకారం ఈ కాలంలో ఉపాధ్యక్షురాలు సమావేశాలకు అధ్యక్షత వహించగలరు. ఇది రాజీనామా కాదు.’ ఆ చివరి వాక్యం వదలకండి. చేతికిస్తే నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోబోమని అంటే స్పీడ్‌పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచండి. ఈమెయిల్ కూడా చేయండి. రేపు ఆ మెయిల్, వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి కాబట్టి ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి.

చెక్కుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఆస్పత్రికి వెళ్లేముందు పది ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి కోశాధికారికి ఇచ్చేస్తారు. అలా చేయకండి. ఒక్కటి బౌన్స్ అయినా సంతకం మీది కనుక, చెక్కు బౌన్స్‌పై పెట్టే 138వ సెక్షన్ కేసులో సంఘంతో పాటు మీ పేరూ వస్తుంది. దాని బదులు ముగ్గురిలో ఎవరైనా ఇద్దరు సంతకం చేసేలా తీర్మానం చేయించి, నకలు, కొత్త సంతకందారు కేవైసీ బ్యాంకుకు ఇప్పుడే ఇవ్వండి. బ్యాంకు దాన్ని ఎక్కించేసరికి రోజులు పడుతుంది.

కంపెనీ సంగతి. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉంటే 26 వారాలు మీ హక్కు. అందులో 8 వారాలకు మించకుండా ముందు వాడుకోవచ్చు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చినా ఈ లెక్కలు మారలేదు. అయితే సెలవులో ఉండి మరో సంస్థలో పని చేస్తే ఆ రోజుల ప్రయోజనం కోల్పోయే నిబంధన కూడా ఉంది. వీడియోలో కాసేపు సంఘం చర్చలో కూర్చోవడాన్ని ‘పని’ అనడం కష్టమే. కానీ ఆ కాలంలో గౌరవ వేతనం గానీ సిట్టింగ్ ఫీజు (సమావేశంలో కూర్చున్నందుకు ఇచ్చే సొమ్ము) గానీ తీసుకుంటే కంపెనీకి మీరే సాకు ఇచ్చినట్టు. ఆ ఆరు నెలలు రూపాయి తీసుకోకండి. బైలా వీడియో హాజరును ఒప్పుకుంటే లింకు అడిగి పెట్టించుకోండి.

ఇంత చేసినా తొలగించారనుకోండి. తీర్మానం నకలు రాతపూర్వకంగా అడగండి, రిజిస్ట్రార్‌కు అభ్యంతరం పంపండి. రిజిస్ట్రార్ పత్రాలు తీసుకుంటారే గానీ ఎవరి పదవి చెల్లుతుందో తేల్చరు. అది తేల్చేది సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టు. ఆ సెక్షన్ కిందే మధ్యవర్తిత్వ చట్టం, 1996 దారి కూడా ఉంది. పిటిషన్‌తో పాటే తీర్మానం అమలు ఆపాలని మధ్యంతర అర్జీ వేయండి. వాళ్లు ఆలోపే కొత్త అధ్యక్షురాలిని ఎన్నుకుంటే చిక్కు రెట్టింపవుతుంది. ఎదుటివాళ్లే ముందు కోర్టుకెళ్తారన్న అనుమానముంటే కేవియట్ (మా మాట వినకుండా ఆదేశాలు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) వేసి ఉంచండి, 90 రోజులు పని చేస్తుంది. వకీలు ఖర్చు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత సాయం ఇస్తారు.