స్విఫ్ట్‌కు 16 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించాలా?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో ఉంటారు, 14 అంగుళాల ఇనుప రిమ్ములున్న పాత స్విఫ్ట్ మీది, టైర్లు అరిగిపోయాయి. ఎలాగూ ఖర్చు తప్పదు కాబట్టి 16 అంగుళాల అలాయ్ చక్రాలకు మారమని షాపువారు అంటున్నారు. హైదరాబాద్‌కు తరచుగా వెళ్తారు, సొంత ఊరు ఏటూరునాగారం వైపు. డబ్బు సరిపోకపోతే రెండు టైర్లే మార్చవచ్చా అని కూడా అడిగారు.

టైర్లు తప్పకుండా మార్చండి. 16కు మాత్రం వెళ్లకండి. అలాయ్ మీద మరీ మనసుంటే 15 దగ్గర ఆగండి. నాదీ ఇదే కారు, మొదట ఇదే కొలత. నేను 15కు మారి చాలాకాలంగా నడుపుతున్నాను.

మీ టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటుంది. వెడల్పు 165 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం టైరు పక్కగోడ ఎత్తు, అంటే 132 మిల్లీమీటర్లు. టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు సుమారు 620. ఇదే కారు పై వేరియంట్లకు మారుతి ఇచ్చిన 185/65 ఆర్15 కూడా 621 దాకా వస్తుంది. అందుకే స్పీడోమీటర్ తేడా చూపదు, టైరు లోపల ఎక్కడా రాసుకోదు. షాపుల్లో 16 అనగానే తరచుగా చూపించే 195/50 ఆర్16 మొత్తం ఎత్తు 601 మాత్రమే. కారు 9 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటర్ ఉన్నదానికంటే మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. 195/55 అయితే లెక్క సరిపోతుంది. కానీ పక్కగోడ 107కు పడిపోతుంది. నాకు అసలు అభ్యంతరం అక్కడే.

హైదరాబాద్ దారి ఒక్కటే అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. ములుగు దాటి లోపలి ఊళ్లకు తిరిగేవారికి టైరు పక్కగోడే కారుకు రక్ష. నాట్ల కాలంలో కేజ్ వీల్స్ (పొలం దమ్ము చేసే ఇనుప చక్రాలు) తీయకుండానే ట్రాక్టర్లను తారురోడ్డెక్కిస్తారు, రోడ్డంతా గాట్లు పడుతుంది. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, పరదాలు ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తాక ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఎదురు బండి లైటు కళ్లలో పడితే అవి కనిపించవు. మా బావమరిది 16 అంగుళాల కారు గోవిందరావుపేట దాటాక రాత్రిపూట అలాంటి రాయినే ఎక్కింది. టైరు పక్కన కోసుకుపోయింది, రిమ్ముకు పగులు వచ్చింది. నేల తాకే భాగంలో మేకు దిగితే ఏ పంక్చర్ షాపులోనైనా పని జరుగుతుంది. పక్కగోడ తెగితే టైరు పారేయడమే. ఆ కొలత టైరు ములుగులో దొరకక వరంగల్ నుంచి తెప్పించవలసి వచ్చింది. మీ 14 అంగుళాల టైరైతే చిన్న పట్నంలోనూ దొరుకుతుంది. ఇనుప రిమ్ము వంగితే బెండు తీస్తారు. పగిలిన అలాయ్‌ను వెల్డింగ్ చేసి వాడటం ప్రమాదం, ఎవరు చేసిస్తామన్నా ఒప్పుకోకండి.

ఊళ్లో తిరిగితే చాలు కదా అనుకోవడానికీ లేదు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ హంటర్ రోడ్డు వైపు నీళ్లు ఎలా నిలిచాయో మీరూ చూసే ఉంటారు. నీళ్ల కింద గుంత ఎంత లోతో తెలియదు. పైగా వెడల్పు టైరు నిలిచిన నీటి మీద తేలిపోవడం ఎక్కువ, సన్న టైరు నీటిని చీల్చుకుని నేలను పట్టుకుంటుంది.

15కు మారాక నాకు తెలిసిన మార్పులు చెబుతాను. మలుపుల్లో కారు ఒరగడం కొంచెం తగ్గింది. వేగంలో లేన్ మారినప్పుడు స్టీరింగ్ మాట వెంటనే వింటోంది. బండి నిలిపి ఉన్నప్పుడు తిప్పితే కాస్త బరువనిపిస్తుంది. చిన్న గుంతల కుదుపు మునుపటికంటే తెలుస్తుంది. మైలేజీ కొద్దిగా తగ్గింది. అలాయ్ అంటే తేలిక అనే మాట అన్నిటికీ వర్తించదు. చవకరకం పెద్ద అలాయ్, దానిమీద వెడల్పు టైరు కలిస్తే మీ ఇనుప చక్రంకంటే బరువే ఉండవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అరిగిన టైర్లు తీసి పెద్ద చక్రాలు వేయించుకుని, బ్రేకు అద్భుతంగా పడుతోందని మురిసిపోతారు. ఆ మేలులో ఎక్కువ భాగం కొత్త రబ్బరుది, టైరు మీది లోతైన గాడులది. అదే 14 రిమ్ము మీద మంచి టైరు వేసినా ఆ మేలు వస్తుంది. కాబట్టి ముందు మీ ఇబ్బంది ఏమిటో తేల్చుకోండి. ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంటే బ్యాలెన్సింగ్ చేయించాలి. కారు ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్. వానలో ఆగడం లేదంటే టైర్లు. చూపు కోసమే అయితే అదీ న్యాయమైన కోరికే, 14 అంగుళాల్లోనే అలాయ్‌లు తీసుకోండి, టైరు కొలత మార్చకుండా పని అయిపోతుంది.

కొనేటప్పుడు టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు చూడండి. 2224 అంటే 2024లో 22వ వారం తయారైంది. చాలాకాలం మూలన పడి ఉన్నది అంటగడితే తీసుకోకండి, మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. కొలత పక్కనే ఉండే లోడ్ సంఖ్య పాతదానికంటే తగ్గకూడదు: 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది. రిమ్ము విషయంలో స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, వాటి వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 54.1. రంధ్రం పెద్దదైతే సరైన రింగు వేయించాలి, లేకపోతే వణుకు పోదు. అలాయ్‌కు వేరే నట్లు ఇస్తే పాత నట్లు డిక్కీలో ఉంచుకోండి, ఇనుప స్టెప్నీకి అవే కావాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. ఇదే మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన కొలతలో ఉంటే నిశ్చింత. అలాయ్‌లు వేయించగానే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి.

రెండు టైర్ల సంగతి: మార్చవచ్చు, కానీ కొత్తవి వెనక్కి వేయించండి. కారు ముందు చక్రాలతో నడుస్తుంది కదా, కొత్తవి ముందుకే అని చాలాచోట్ల వేసేస్తారు. తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. ముందుకు మార్చిన పాతవాటిలో గాడి లోతు మాత్రం కొలిపించండి. 1.6 మిల్లీమీటర్లు చట్టం ఒప్పుకునే చివరి హద్దు. నేనైతే మూడుకు దిగగానే వానాకాలం రాకముందే ఆ రెండూ కూడా మార్చేస్తాను.