ప్రాణాలు పోయిన రైలు ప్రమాదాల తర్వాత కంపెనీకి జరిమానా వేస్తే ప్రజలకు మేలేనా?

బ్రిటన్ సంగతే తీసుకుంటే, ఆ జరిమానా చివరికి ఎవరి జేబులోంచి పోతుందన్నదే అసలు ప్రశ్న.

2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా ముక్కలై రైలు పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. పగుళ్లున్నాయని ముందే తెలుసు, అయినా పట్టా మార్చలేదు. నిర్వహణ చూసిన ప్రైవేటు కాంట్రాక్టరు బాల్ఫోర్ బీటీకి కోటి పౌండ్ల జరిమానా పడింది, అప్పీలులో 75 లక్షలకు తగ్గింది. అక్కడ నష్టపోయేది వాటాదారులు కాబట్టి ఆ శిక్షకు కొంత అర్థం ఉంది.

బ్రిటన్‌లో రైలు పట్టాల నిర్వహణ చూసే నెట్‌వర్క్ రైల్ అలా కాదు, అది ప్రభుత్వ సంస్థ. 2020లో స్కాట్లాండ్‌లోని కార్మాంట్ దగ్గర భారీ వానకు రాళ్లూ మట్టీ పట్టాల మీదికి కొట్టుకొచ్చి రైలు పట్టాలు తప్పింది, ముగ్గురు చనిపోయారు. పక్కనున్న డ్రైనేజీని డిజైన్ ప్రకారం కట్టలేదు, తర్వాత సరిగా తనిఖీ చేసినవాళ్లూ లేరు. 2023లో సంస్థ తప్పు ఒప్పుకుంది, 67 లక్షల పౌండ్ల జరిమానా పడింది. జరిమానా సొమ్ము బాధితులకు అందదు, పరిహారం వేరే వ్యవహారం. అంటే డ్రైనేజీల బాగుకు వాడాల్సిన ప్రజల డబ్బు తిరిగి ఖజానాకే చేరుతుంది!

అలాగని కేసే వద్దనను. తప్పు ఎవరిదో కోర్టులో తేలడం కుటుంబాలకు చాలా అవసరం. కానీ ప్రభుత్వ సంస్థల విషయంలో జరిమానా కంటే, లోపాన్ని గడువులోగా సరిదిద్దమనే ఆదేశమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. సంస్థల ఘోర నిర్లక్ష్యం వల్ల ప్రాణాలు పోతే శిక్షించే 2007 నాటి కార్పొరేట్ మాన్‌స్లాటర్ చట్టం కింద నేరం రుజువైతే కోర్టు అలాంటి ఆదేశం ఇవ్వొచ్చు.