ఆర్టికల్ నంబరు కంటే ముందు గడియారం చూడరా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. రాత్రి పదకొండింటికి చెకింగ్ దగ్గర బండి ఆపితే గొట్టంలో ఊదనని మొండికేశావట. "ఆర్టికల్ 20(3) ఉంది, నన్ను బలవంతపెట్టలేరు" అన్నావట. తాగనే లేదు కదరా, ఊదేసి ఉంటే రెండు నిమిషాల్లో ఇంటికెళ్ళేవాడివి! తెనాలిలో 38 ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా కోర్టు వరండాలు అరగదీసినవాణ్ణి కనుక రాస్తున్నాను, తిట్టడానికి కాదు. సరే, కాస్త తిట్టడానికి కూడా.

నువ్వు చెప్పిన ఆర్టికల్ రాజ్యాంగంలో ఉన్న మాట నిజమే. నేరం మోపినప్పుడు నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదంటుంది, అంతే. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం దాని కిందికి రాదని 1961లోనే కాఠీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది జడ్జీలు కూర్చుని తేల్చారు. ఊదమని అడిగే అధికారం మోటారు వాహనాల చట్టమే పోలీసుకిచ్చింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఊదనని మొండికేస్తే ఆ మొండితనమే కోర్టులో నీకు అడ్డం తిరుగుతుంది. అదే నార్కో పరీక్ష అనుకో, నీ ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మందిచ్చి మనసులో మాట లాగడం వేరు, నోట్లో గాలి అడగడం వేరు.

నీకు నిజంగా పనికొచ్చేది ఆర్టికల్ 22. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, నీకు నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అసలు కిటుకు ఈ గంటల లెక్కలోనే ఉంది.

ఒకసారి ఒక ఆటో డ్రైవరు భార్య మా ఆఫీసుకొచ్చింది. మొగుణ్ణి సోమవారం పొద్దున పట్టుకెళ్ళారు, మంగళవారం సాయంత్రమైనా కోర్టుకి తేలేదు. అడిగితే మా దగ్గర లేడన్నారట. మా ప్లీడరుగారు ఎవరితోనూ గొడవపడలేదు. నన్ను పరుగున పోస్టాఫీసుకి పంపి మేజిస్ట్రేటుకి, ఎస్పీకి టెలిగ్రాములు కొట్టించారు. బుధవారం అతన్ని హాజరుపరిచినప్పుడు కాగితాల్లో "నిన్న రాత్రి 9 గంటలకు అరెస్టు" అని ఉంది. మా రసీదు మీద చూస్తే మంగళవారం సాయంత్రం 5:40. మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని ఆ చిన్న ముక్కని రెండుసార్లు చదివారు. ఎస్సైగారు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. బెయిలు ఆ రోజే వచ్చింది.

టెలిగ్రాములు 2013లో ఆగిపోయాయి. ఇప్పుడు మెయిలు కొడితే టైము దానంతటదే పడుతుంది. నీకేదైనా అయితే ఎవరికి, ఏమని పంపాలో మీ ఆవిడకి ఇప్పుడే చెప్పి ఉంచు.

ఎవరైనా ఫోన్ చేసి "ఓసారి స్టేషన్‌కి వచ్చిపో" అంటే, నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడుగు. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు, దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఆ నోటీసు సంగతి 35వ సెక్షన్లో ఉంటుంది. నోటీసు చేతికొచ్చాక మాత్రం వెళ్ళి తీరాలి. ఎగ్గొట్టావా, అరెస్టుకి నువ్వే దారి చూపించినట్టు. మీ అమ్మని సాక్షిగా విచారించాలన్నా స్టేషన్‌కి రమ్మనకూడదు, ఆడవాళ్ళనీ 60 దాటిన మగవాళ్ళనీ ఉన్నచోటికే వచ్చి అడగాలి. నాకు 71. ముసలితనంలో కలిసొచ్చింది ఇదొక్కటే.

శుక్రవారం కోర్టుకి వెళ్ళేటప్పుడు ఆ రాత్రి ఇచ్చిన రసీదు మర్చిపోకు. పదింటికల్లా అక్కడుండు, ఇస్త్రీ చొక్కా వేసుకో. జడ్జిగారు అడిగినదానికే జవాబు చెప్పు. ఆర్టికల్ 20(3) ఊసెత్తకు.

మీ మావయ్య