సోఫా మీద రాయమంటే

తమ్ముడికి,

కవితలు అందాయి, అన్నీ చదివాను. వాటికంటే వాటితో పాటు పంపిన ఉత్తరమే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. గుండెకోత ఉంటేనే కవిత్వం పుడుతుందట, నీకు చెప్పుకోదగ్గ కష్టం ఏదీ రాలేదట, అందుకని రాత్రిళ్లు నిద్ర మానుకుని మరీ దిగులు తెచ్చుకుంటున్నావట. ముందు ఆ పని మానెయ్. ఎందుకంటావా, నా దగ్గర ఒక సాక్షి ఉన్నాడు. పేరు విలియం కూపర్. ఇంగ్లిష్ కవి, చర్చి పాటలు రాసినవాడు.

దిగులే కవిత్వానికి పెట్టుబడి అయితే ఈయనంత ధనవంతుడు లేడు. 1731లో బర్కంస్టెడ్ అనే ఊళ్లో ఒక పాదిరి ఇంట పుట్టాడు. ఆరేళ్ల వయసుకే తల్లి పోయింది. బోర్డింగు బడిలో ఓ పెద్ద కుర్రాడు ఎంత వేధించాడంటే, వాడి మొహంలోకి చూసే ధైర్యం లేక, బూట్ల బకిల్స్ చూసి మనిషిని గుర్తుపట్టేవాణ్ణని తర్వాత రాసుకున్నాడు. ప్రేమించిన అమ్మాయిని ఇవ్వడానికి ఆమె తండ్రి ఒప్పుకోలేదు. 1763లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అంటే బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభలో, మంచి గుమాస్తా ఉద్యోగం చేతికందబోయింది. అయితే సభలో అందరి ముందూ నిలబడి పరీక్ష ఇవ్వాలన్నారు. ఆ టెన్షన్‌కే మనిషి కుప్పకూలిపోయాడు, ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో నథానియల్ కాటన్ అనే డాక్టరు దగ్గర ఏడాదిన్నర ఉండాల్సివచ్చింది.

ఆ చీకటి రోజుల్లో ఆయన రాసింది ఒకటీ అరా. పేరు నిలబెట్టినవి దాదాపు అన్నీ కాస్త తేరుకున్నాక, ఎవరో ఒకరు పక్కన కూర్చుని రాయించినవే.

మొదట రాయించినవాడు జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్, తర్వాత ఓల్నీ అనే ఊళ్లో పాదిరి. ఓల్నీలో ఎక్కువమంది లేసు అల్లుకుని బతికే పేదవాళ్లు. వాళ్ల ప్రార్థన కూటాలకు పాటలు కావాలి, ఇద్దరం కలిసి రాద్దాం అన్నాడు న్యూటన్. అలా పుట్టిన సంకలనం 1779లో అచ్చయింది. మొత్తం 348 పాటలు, అందులో అరవై పైచిలుకు కూపర్‌వి.

ఇలాంటి పాట రాయడం ఎంత ఇరుకైన పనో ఆలోచించు. వరస అప్పటికే జనం నోట్లో ఉంటుంది. ఒక పంక్తికి ఎనిమిది అక్షరాల కొలత, తర్వాతి దానికి ఆరు, మళ్లీ ఎనిమిది, ఆరు. చదువు రాని ముసలమ్మ కూడా ఒక్కసారి విని పాడగలగాలి. నీకు ఇష్టమైన 'అగమ్యగోచర నిశీధి' లాంటిది అందులో పట్టదు. దేవుడి దారులు మనకు అంతుబట్టవని చెప్పే ఆయన ప్రసిద్ధ పాట ఎలా మొదలవుతుందో చూడు. దేవుడు సముద్రంలో అడుగులు వేస్తాడు, తుఫాను మీద స్వారీ చేస్తాడు, అంటాడు. సముద్రంలో వేసిన అడుగుకు జాడ ఎక్కడ మిగులుతుంది? బైబిల్లో 77వ కీర్తనలో ఉన్న ఊహే అది. దాన్ని పసిపిల్లలకు తెలిసిన మాటల్లో పెట్టి, వివరణ జోడించకుండా ముందుకు వెళ్లిపోయాడు. నువ్వయితే కింద ఇంకో నాలుగు పంక్తులు రాసి ఆ జాడ సంగతి విప్పి చెప్పేవాడివి. నీ మూడో కవితలో చేసింది అదే.

ఈ పాట చుట్టూ ఒక కథ తిరుగుతుంది. చనిపోదామని నది వైపు బండి కట్టించుకుంటే, పొగమంచులో దారి తప్పి బండి మళ్లీ ఇంటికే వచ్చిందట, అప్పుడు ఈ పాట రాశాడట. వినడానికి బాగుంటుంది గానీ గట్టి ఆధారం లేదు. జరిగింది ఇంకా కష్టమైన సంగతి. ఈ పాట రాసిన రోజుల్లోనే, 1773లో, ఆయన మనసు మళ్లీ చెదిరింది. దేవుడు తనను శాశ్వతంగా తోసిపుచ్చాడని ఒక కలలో విన్నాడు, దాన్ని నమ్మేశాడు. ఆ తర్వాత చర్చి గుమ్మం తొక్కలేదు. ఓల్నీ జనం ఆయన పాటలు పాడుకుంటుంటే ఆయన ఇంట్లో ఉండేవాడు.

మళ్లీ కలం పట్టించినవాళ్లు ఆడవాళ్లు. అంతకుముందు ఎవరో కుందేలు పిల్లలు తెచ్చిస్తే మూడింటిని పెంచాడు. వడ్రంగం చేశాడు, దోసపాదులు పెట్టాడు. ఆయన్ను కనిపెట్టుకుని ఉన్న మేరీ అన్విన్ ఒక విషయం ఇచ్చి పద్యం రాయమంది. అలా మొదలై తొలి సొంత పుస్తకం 1782లో వచ్చేనాటికి ఆయనకు యాభై ఏళ్లు. అదే ఏడాది లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు, గుర్రం అదుపు తప్పి ఎక్కడికో లాక్కుపోయిన బట్టల వ్యాపారి కథ చెప్పింది. రాత్రంతా నవ్వుకుని దాన్ని పద్యం చేశాడు. అదే జాన్ గిల్పిన్. ఆమే ఇంకోసారి ప్రాస లేని ఛందస్సులో రాయమంది. దేని మీద రాయను అంటే, ఇదిగో ఈ సోఫా మీద రాయి అంది.

రాశాడు. మూడు కాళ్ల పీటతో మొదలుపెట్టి, కుర్చీ మీదుగా సోఫా దాకా వచ్చి, అక్కడినుంచి లేచి ఊరి బయటికి నడిచాడు. ఆరు భాగాలు, ఐదు వేల పంక్తులు. 1785లో అచ్చయిన ‘ది టాస్క్’ అదే. బానిస వ్యాపారం మీద ఆయన కోపం కూడా అందులో ఉంది. నాలుగో భాగంలో చలికాలం సాయంత్రం ఒక తపాలా మనిషి వస్తాడు. బురద బూట్లు, జుట్టంతా గడ్డకట్టిన మంచు, వీపు మీద సంచి. అందులో ఎవరివో చావు కబుర్లు, పెళ్లి కబుర్లు, ప్రేమలేఖలు, కన్నీళ్లకు చెదిరిన సిరా. వాడికి అవేం పట్టవు, సంచి పడేసి ఈల వేసుకుంటూ వెళ్లిపోతాడు. దిగులుతో చచ్చి బతికినవాడు ఎదుటివాణ్ణి అంత నిదానంగా చూడగలిగాడు. నీ కవితల్లో నువ్వు తప్ప ఇంకో మనిషి లేడు.

చివరి రోజుల్లో 1799లో రాసిన ‘ది కాస్ట్‌అవే’ మాత్రం నిండా నిరాశే కదా అంటావు. నిజమే, నా వాదానికి అది అడ్డం వస్తుంది. కానీ అందులోనూ ఆయన చేసిన పని చూడు. ఆన్సన్ అనే నౌకాదళ అధికారి చేసిన యాత్ర గురించిన పుస్తకంలో చదివిన ఒక నావికుడు, ఓడ మీదినుంచి అలకు కొట్టుకుపోయినవాడు, అతని కథ చెప్తాడు. తోటివాళ్లు పీపా, తాడు విసిరారు, గాలికి ఓడను నిలపలేక వెళ్లిపోయారు. వాళ్లను అతను తప్పుపట్టలేదు. తన మాట మొదట ఒకచోట అనేసి వదిలేస్తాడు కూపర్, మళ్లీ చివరికొచ్చాకే, నేను ఇంతకంటే లోతుల్లో మునిగాను అంటాడు. మధ్యలో ఉన్నదంతా ఆ నావికుడే. మరుసటి ఏప్రిల్‌లో ఈస్ట్ డీరమ్‌లో కూపర్ చనిపోయాడు.

నిజంగా మనసు బాగోలేకపోతే ఇంట్లో చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్లు. కవిత ఎక్కడికీ పోదు. బాగానే ఉంటే నీకో పని ఇస్తున్నాను. మీ వీధిలో పార్సిళ్లు ఇచ్చే కుర్రాడి మీద ఇరవై పంక్తులు రాయి. వాడి బండి, బ్యాగు, గేటు దగ్గర వాడు అనే మాట ఉండాలి. 'నేను' అనే మాట ఎక్కడా రాకూడదు. నెలాఖరులోగా పంపు.

మీ అన్న