బెండకాయలో ఏడా, నాలుగా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, మాత్రలు వాడుతున్నాను. రెండు నెలల నుంచి అన్నం బాగా తగ్గించి రోజుకు 60 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు) దాటకుండా తింటున్నాను. మా అబ్బాయి ఫోన్లో పెట్టిన యాప్‌లో బెండకాయకి 7 గ్రాములని ఉంది, మా ఆడపడుచు ఇచ్చిన కాగితంలో 4 అని ఉంది. పీచు తీసేసి లెక్కపెట్టమని ఒకరు, తీయొద్దని ఒకరు. ఈ టెన్షన్ పడలేక కూరలే మానేద్దామనిపిస్తోంది. జిగురు పోయేదాకా వేపితే పీచు కూడా పోతుందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కూరలు మాత్రం మానకండమ్మా. మీరు చూసిన రెండు అంకెలూ సరైనవే. 100 గ్రాముల పచ్చి బెండకాయలో పిండిపదార్థాలు మొత్తం ఏడున్నర గ్రాముల దాకా ఉంటాయి, అందులో 3.2 గ్రాములు పీచు. అమెరికా వాళ్ల పట్టికల్లో పీచుని కూడా కార్బ్స్‌లోనే కలిపి రాస్తారు, చాలా యాప్‌లు ఆ అంకెలే వాడతాయి. పీచు మన పేగుల్లో అరిగి చక్కెరగా మారదు కాబట్టి దాన్ని తీసేస్తే మిగిలేది నాలుగు చిల్లర. మీ ఆడపడుచు కాగితంలో ఉన్నది అదే.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఒకసారి తీసేసిన పీచుని మళ్లీ తీయడంలో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన మన దేశపు ఆహార పట్టికల్లో పీచు విడిగా, కార్బ్స్ విడిగా ఉంటాయి, అంటే తీసివేత వాళ్లే చేసేశారన్నమాట. యూరప్ ప్యాకెట్ల మీద కూడా అంతే. ఏ పట్టిక ఎలాంటిదో తెలుసుకోవాలంటే పాలకూర వరస చూడండి. మన పట్టికలో దానికి పిండిపదార్థం 2 గ్రాములుంటే పీచు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. మొత్తంకన్నా అందులో భాగం ఎక్కువ ఉండదు కదా, కాబట్టి పీచు పెద్ద అంకెగా కనబడిన చోట ఇక తీయడానికేమీ లేదు.

జిగురు సంగతి. ఆ జిగురే నీళ్లలో కరిగే రకం పీచు, తిన్నది నెమ్మదిగా రక్తంలోకి వెళ్లేలా చూసేది అదే. వేపితే తడి ఆరి జిగురు కనబడదు గానీ పీచు మూకుట్లోనే ఉంటుంది. మారేది బరువు. మొన్న ఆదివారం మా ఇంట్లో కాటా పెట్టి చూశాను: పావుకిలో బెండకాయలు తొడిమలూ కొసలూ తీస్తే 215 గ్రాములు, దోరగా వేగాక 130 అయ్యాయి. వేగాక తూచి, పచ్చి బెండకాయ లెక్కలో ఆ 130 వేసుకుంటే తక్కువ చూపిస్తుంది. అందుకని తరిగాక, మూకుట్లో వేయకముందే తూచుకోండి.

ఇంకోటి కూడా ఆ రోజే గమనించాను, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. ఆ బెండకాయలన్నిటిలో పీచు పోగా 9 గ్రాములు వచ్చింది. అందులో వేసిన ఉల్లిపాయలు 120 గ్రాములు, వాటిలోనూ 9. పైన చల్లిన రెండు చెంచాల శెనగపిండి 20 గ్రాములుంటుంది, దానిలో కూడా 9! బెండకాయ ఏడా నాలుగా అని రెండు నెలలు బెంగపడ్డారు, ఉల్లిపాయనీ శెనగపిండినీ మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవి రెండూ తగ్గించి, కూర ఇంకో గరిటె ఎక్కువ వేసుకోండి.

ఆనపకాయ, వంకాయ, క్యాబేజీ, కాలీఫ్లవర్, చాలా ఆకుకూరలు పీచు పోగా 100 గ్రాములకి మూడు, మహా అయితే మూడున్నర దాటవు, కాకరలో ఇంకా తక్కువ. వీటికి రోజూ కాటా అక్కర్లేదు. దుంపలకి మాత్రం కావాలి: పీచు తీసినా బంగాళాదుంప 15, చిలగడదుంప 17, చేమదుంప 22, కంద 18 దాకా. కందలో పీచు నాలుగు గ్రాములున్నా మిగిలింది చూడండి ఎంతో. ములక్కాడది వేరే సంగతి, నమిలి పిప్పి పారేస్తాం కాబట్టి పట్టికలో ఉన్న పీచంతా మన కడుపులోకి వెళ్లదు. చోడి (రాగి) అంబలి షుగర్‌కి మంచిదని గ్లాసులకి గ్లాసులు తాగేవాళ్లు మన దగ్గర చాలామంది. చోడిపిండిలో పీచు బాగానే ఉంటుంది, అది పోగా కూడా 100 గ్రాములకి 67 గ్రాముల దాకా పిండిపదార్థమే. 40 గ్రాముల పిండితో అంబలి కాస్తే మీ 60లో దగ్గర దగ్గర సగం అయిపోతుంది.

మీ ఉత్తరంలో మాత్రల పేర్లు లేవు, అదే నాకు భయం. గ్లిమిపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ కార్బ్స్ ఇంత తగ్గిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం వాడేవాళ్లకి రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి, షుగర్ మామూలుగానే కనబడుతున్నా ప్రాణం మీదకి రావచ్చు. ఈ వారంలోనే డాక్టరుగారికి మాత్రలు చూపించి, ఏం తింటున్నారో చెప్పండి.

ప్రశ్న: పనస మా పెరట్లోనే కాస్తుంది. కార్బ్స్ తగ్గించేవాళ్లు తినొచ్చా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: లేత పనసకాయ కూర మితంగా తినొచ్చు. పండిన తొనల్లో 100 గ్రాములకి 23 గ్రాములుంటే అందులో పీచు ఒకటిన్నరే, కాబట్టి రెండు తొనలతో ఆపండి. పిక్కలంటే పిండే, వాటిని దుంపల కింద లెక్కేసుకోండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి రాశారు కాబట్టి ఇంకో మాట. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు అన్నం తగ్గించి గుడ్లూ మాంసం పెంచకూడదు, పొటాషియం ఎక్కువున్న ఆకుకూరలు, దుంపలు, పనసతొనలు కూడా వాళ్లకి చేటు చేయొచ్చు. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు డాక్టరుకి చూపించాకే ఏ డైటైనా మొదలుపెట్టండి.