మామ్మ చంక దిగని మనవడు

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర ఒక ఊరు. మా వారు కువైట్‌లో పనిచేస్తారు. నేనూ, మా బాబూ అత్తగారి దగ్గర ఉంటాం. బాబుకి మూడున్నరేళ్లు. మా ఇంటి ముందే పంట కాలువ. మా బావగారి అబ్బాయి చిన్నప్పుడు అందులో పడిపోతే ఎవరో చూసి పైకి తీశారట. అప్పట్నుంచీ అత్తగారికి కాలువంటే హడలు. బాబుని చంక దింపరు. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, అన్నం ఆవిడే కలిపి నోట్లో పెడతారు. అంగన్‌వాడీలో వేశాం గానీ పదకొండింటికల్లా ఆవిడ వెళ్లి, అక్కడిచ్చే గుడ్డు ఒలిచి తినిపించి ఎత్తుకొచ్చేస్తారు. టీచరుగారేమో "వాడి పని వాడు చేసుకోడు, ఏం కావాలో నోరు తెరిచి అడగడు, చడ్డీ తడుపుకుంటాడు" అంటున్నారు. నేనేమైనా అంటే అత్తగారు "నా మనవడికి నేను పెట్టుకోకూడదా?" అని అలిగి అన్నం మానేస్తారు. మా వారు "అంగన్‌వాడీ మానిపించి అమలాపురంలో ఎల్‌కేజీలో వెయ్యి, ఇంటి ముందుకే వ్యాను వస్తుంది, అన్నీ వాళ్లే నేర్పుతారు" అంటున్నారు. మధ్యలో నలిగిపోతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీరడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. అంగన్‌వాడీ మానిపించకండి. ఈ ఏడు ఎల్‌కేజీ వద్దు. అత్తగారితో పోట్లాట అసలే వద్దు. బాబు తన పనులు తాను చేసుకోవడం నేర్చుకోవాలంటే మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చే మనిషి ఆవిడే. పొద్దస్తమానం వాడి పక్కన ఉండేది ఆవిడే కదా.

మీ ఉత్తరంలో నాకు గారాబం కంటే భయం ఎక్కువ కనిపించింది. అది ఉత్తుత్తి భయం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టాలో నీళ్లు గుమ్మంలోకే వచ్చాయి. వీధిలో కాలువ, చేను గట్టున బోదె, ఊరి చివర చేపల చెరువు, కొబ్బరితోటలో గుంట. వేసవిలో కాలువలు కట్టేసినా గుంటల్లో నీళ్లు నిలిచే ఉంటాయి. పైగా చిన్నపిల్లలు నీళ్లలో పడితే సినిమాల్లో చూపించినట్టు చేతులు కొట్టుకుంటూ కేకలు వెయ్యరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. ఒకసారి ఆ గండం కళ్లారా చూసిన మనిషి మనవణ్ణి నేల మీద దింపడానికి జంకితే తప్పు పట్టలేం. మీరు "వాణ్ణి చెడగొడుతున్నారు" అన్నప్పుడల్లా ఆవిడకి "వాడు కాలువలో పడ్డా పరవాలేదు" అన్నట్టు వినబడుతుంది. అలక అక్కడ పుడుతోంది.

అయితే చంక రక్షణ కాదు. ఆవిడ స్నానానికి వెళ్లాలి, పొయ్యి దగ్గర నిలబడాలి, భోజనం కాగానే కాసేపు నడుం వాల్చాలి. వాడు జారుకునేది సరిగ్గా అప్పుడే. ఎప్పుడూ సొంతంగా మెట్టు దిగనివాడికి ఏది జారుడో, ఏది గట్టో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎత్తుకు తిరగమని చెప్పదు. నీటికి అడ్డం కట్టమంటుంది, బడికి వెళ్లే వయసు రాని పిల్లల్ని పగటిపూట నీటికి దూరంగా, ఎవరైనా కనిపెట్టి ఉండే చోట ఉంచమంటుంది. మనలాగే డెల్టాలో బతికే బంగ్లాదేశ్ పల్లెల్లో ఈ పని చేసి చూపించారు. పెద్దవాళ్లు పనుల్లో మునిగి ఉండే వేళ, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, ఊళ్లోనే ఒక ఇంట్లో ఒకావిడ దగ్గర చిన్నపిల్లల్ని ఉంచారు. నీళ్లలో పడి పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది.

మీ అత్తగారు బాబుని ఎత్తుకొచ్చేస్తున్నది కూడా ఆ వేళలోనే. ఆవిడతో మాట్లాడాల్సిన మాట ఇదే. "వాడంతట వాడే తినాలి" అని మొదలుపెట్టకండి. "అత్తయ్యా, ఒంటిగంట దాకా అక్కడుంటే కాలువ బెంగ ఉండదు, మీరూ కాస్త నడుం వాల్చచ్చు" అనండి. అనేముందు అంగన్‌వాడీ వాకిలి ఎలా ఉందో మీరే వెళ్లి చూడండి. చాలాచోట్ల అద్దె ఇళ్లలో నడుస్తుంటాయి, కొన్ని కాలువ గట్టు మీదే ఉంటాయి. గేటు లేకపోతే నలుగురు తల్లులు కలిసి సర్పంచిగారిని అడగండి. అది టీచరు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆవిడ పిల్లల్ని చూడాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి.

ఇంటి దగ్గర మీ వారు పంపే డబ్బులో మొదటి ఖర్చు దడికి పెట్టండి. కాలువ వైపు పెద్దవాళ్ల నడుమెత్తున, కాలు పెట్టి ఎక్కే సందు లేకుండా గట్టి దడి, దానికో తలుపు, వాడికి అందని ఎత్తులో గడియ. పెరట్లో నీళ్ల కుండీకి మూత. ఈ మాట అత్తగారికి మీ వారి నోటే చెప్పించండి. "అమ్మా, నీ బెంగ నాకు తెలుసు, దడి కట్టిస్తున్నాను" అని కొడుకు అంటే ఆ తల్లి గుండె సగం కుదుటపడుతుంది. "మా ఆవిడ చెప్పింది" అనే మాట మాత్రం అందులో రాకూడదు. దడి కట్టాక లోపలంతా వాడిది. అక్కడ ఎత్తుకోవడం వద్దు. పడతాడు, మోకాలు గీరుకుంటుంది, లేస్తాడు. దడి ఉంది కదా అని కన్ను మాత్రం తిప్పకండి. ఒక మనిషి చూపు ఎప్పుడూ వాడి మీద ఉండాల్సిందే.

ఇక గుడ్డు సంగతి. ఇది చిన్న విషయం అనుకోకండి. ఉడికిన గుడ్డు ఒలవడం మనకి అరనిమిషం పని. మూడున్నరేళ్లవాడు దాన్ని నేలకేసి కొడతాడు, మొదటిసారి చితక్కొడతాడు. ఒక పెంకు ముక్క ఊడుతుంది, రెండోది గోటికి దొరకదు. పెంకు కింద పల్చటి పొర ఉందని, ఆ పొర పట్టుకుని లాగితే పెంకు దాని వెంటే వస్తుందని కొన్నాళ్లకి వాడే కనిపెడతాడు. అప్పటిదాకా సగం తెల్లసొన పెంకులతో పాటే పోతుంది. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచెయ్యడం నేర్చుకుంటాయి. రేపు చొక్కా గుండీ పెట్టేవీ, పెన్సిల్ పట్టేవీ ఆ వేళ్లే. అన్నిటికంటే ముఖ్యం, ఒలిచిన గుడ్డు చేతిలో పెట్టుకుని వాడు చుట్టూ చూస్తాడు చూడండి, "నేను చేశాను" అన్నట్టు. ఆ చూపు మనం ఒలిచి పెడితే రాదు. కష్టమల్లా పక్కనున్న పెద్దవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం.

అందుకని పదకొండింటికి అత్తగారిని వెళ్లొద్దనకండి. వెళ్లనివ్వండి. టీచరుగారితో ముందే మాట్లాడి, పిల్లలందరికీ ఆవిడ చేత ఓ కథ చెప్పించమనండి, పొడుపుకథలు వెయ్యమనండి. పదిమంది పిల్లలు చుట్టూ చేరితే ఒక్కడికే గుడ్డు ఒలిచి పెట్టడం ఆవిడకే ఎబ్బెట్టుగా ఉంటుంది. పక్క పిల్లలు వాళ్ల గుడ్లు వాళ్లే ఒలుచుకోవడం కూడా చూస్తారు. ఒకవారం అలా గడిచాక కథ అయిపోగానే "ఒంటిగంటకి వస్తాను నాన్నా" అని వాడికి చెప్పి ఇంటికి రావాలి. చెప్పకుండా జారుకుంటే మర్నాటి నుంచి కొంగు వదలడు. ఏడుస్తాడు, ఏడవనివ్వండి. అన్నమాట ప్రకారం ఒంటిగంటకి వెళ్తే ఆ ఏడుపు రోజురోజుకీ తగ్గుతుంది.

ఇంట్లో మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఒక పద్ధతి పెట్టండి. సెల్‌ఫోన్ పక్క గదిలో ఉండాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద గంటకి మించి తెర చూపించొద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్ చూస్తూ తినేవాడికి నోట్లో పడ్డది పప్పో పెరుగో తెలియదు, కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. కింద పాత చాప పరిచి, అంచు ఎత్తుగా ఉన్న చిన్న కంచంలో మెత్తగా మెదిపిన పప్పన్నం నాలుగు ముద్దలకి సరిపడా పెట్టండి. పక్కనే అత్తగారి కంచం కూడా పెట్టండి. "మీరు కలుపుకోవడం చూస్తేనే వాడికి కలపడం వస్తుంది, మీరు తినకపోతే వాడు తినడు" అని చెప్పండి. ఇది ఆవిడని బుజ్జగించడానికి చెప్పే మాట కాదు, నిజంగానే పిల్లలు చూసి నేర్చుకుంటారు. అన్నం మానేసే అలకకి కూడా ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. నాలుగు ముద్దల్లో రెండు చొక్కా మీద పడతాయి. ఆ చొక్కా ఉతుక్కునే ఓపిక మీరు తెచ్చుకోవాలి. కొద్దిరోజులు తక్కువ తిన్నాడని బెంగ పడకండి. అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూస్తారు, ఆ కాగితం అడిగి అత్తగారికి చూపించండి.

రాత్రి అన్నం మాత్రం ఆవిడ చేత్తోనే పెట్టనివ్వండి. అరుగు మీద కూర్చుని మామ్మ కథ చెబుతూ పెట్టే గోరుముద్ద ఏ పిల్లాడికీ దూరం చెయ్యకూడదు. "నా మనవడికి నేను పెట్టుకోకూడదా?" అన్న ప్రశ్నకి మీ జవాబు "తప్పకుండా పెట్టండి అత్తయ్యా, రాత్రిపూట మీదే" అని ఉండాలి. సాయంత్రాలు ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నప్పుడు, తోటకూర కాడలు తుంచుతున్నప్పుడు వాడి ముందు కూడా నాలుగు పడెయ్యమనండి. చెంబులో నీళ్లు గ్లాసులోకి వంపడం, తుండు మడత పెట్టడం లాంటివి మామ్మ పక్కన కూర్చుని చేస్తే వాడికి ఆటే.

చడ్డీ తడుపుకోవడం గురించి ఎక్కువ ఆందోళన వద్దు. బొత్తాలు, జిప్పులు ఉన్న నిక్కర్లు తీసేసి వదులు ఎలాస్టిక్ చడ్డీలు వెయ్యండి. మోకాళ్ల దాకా మీరు ఎక్కించి, పైకి లాక్కోవడం వాడికి వదిలెయ్యండి. ఆఖరి అంచె వాడి చేత చేయిస్తే పని పూర్తి చేసిన సంతోషం వాడికే దక్కుతుంది, ఆ తర్వాత ఒక్కో అంచె ముందుకి జరుపుతూ వెళ్లండి. ఇంట్లో వాడు పాస్‌కి ఏ మాట అంటాడో టీచరుగారికీ ఆయాకీ చెప్పండి. అక్కడి బాత్‌రూము చీకటిగా ఉందేమో, గడియ చూసి భయపడుతున్నాడేమో కూడా చూడండి. రాత్రిపూట పక్క తడపడం ఈ వయసులో మామూలే, దానికి తిట్టొద్దు.

మాట విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగా చెబుతాను. వేలు చూపించగానే బిస్కట్ ప్యాకెట్ వచ్చేస్తుంటే పిల్లాడికి మాటతో పని పడదు, నిజమే. వేలు చూపిస్తే అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగి, "పాలా? అరటిపండా?" అని అడగండి. కానీ అంతటితో సరిపెట్టుకోవద్దు. మూడున్నరేళ్లకి మూడు నాలుగు మాటలు కలిపి వాక్యం చెప్పాలి, కొత్తవాళ్లకి కూడా చాలావరకు అర్థం కావాలి. బాబు అలా మాట్లాడకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా వినికిడి పరీక్ష చేయించాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకే వచ్చి పిల్లల్ని చూస్తాయి. ఏదైనా తేడా ఉంటే ఉచితంగా పెద్దాసుపత్రికి పంపుతాయి. టీచరుగారిని ఆ తేదీ అడగండి. ఆ తేదీ దూరంగా ఉంటే ఆగకుండా మీరే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మీ వారి ఎల్‌కేజీ మాట. పాపం, దూరాన ఉన్న తండ్రికి ఫీజు కట్టడం ఒక్కటే తన చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటలతోనే చదువు సాగాలని, ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతని చెప్పింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందన్న మాట కూడా అందులోదే. ఆ మాట పట్టుకుని మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం చేతికిచ్చే బడులంటే నాకు బాధ, కోపం రెండూ. వేళ్లలో పట్టు రాని పిల్లాడు దాంట్లో నేర్చుకునేది చదువంటే భయం. పైగా తన చేత్తో తినలేనివాడు, పాస్‌కి అడగలేనివాడు అమలాపురం దాకా వ్యానులో వెళ్తే అక్కడ ఎవరు చూస్తారు? ముందు ఈ రెండూ రానివ్వండి. వచ్చే ఏడు బడి మార్చాలనుకుంటే చూడాల్సింది బోర్డు మీది ఇంగ్లిషు కాదు. పిల్లలు తమంతట తాము నీళ్లు తాగుతున్నారా, చెప్పులు విప్పుకుంటున్నారా, టీచరు కంటే వాళ్ల గొంతులే ఎక్కువ వినిపిస్తున్నాయా, అవి చూడండి.

మీ వారు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, ఏబీసీడీ చెప్పు" అని అడక్కుండా "ఇవాళ నువ్వు ఏం చేశావో చూపించు" అనమనండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, సెలవురోజున మన మధ్యాహ్న భోజనం వేళకి ఆయన తీరిగ్గానే ఉంటారు. వారానికోసారి ఆ వేళ చెయ్యమనండి. అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక బాబే కంచం చూపిస్తాడు.

ఇవన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. ముందు దడి, ఆ తర్వాత ఒంటిగంట దాకా అంగన్‌వాడీ, అది కుదురుకున్నాక మధ్యాహ్నం కంచం. చెవుల పరీక్ష ఒక్కటి మాత్రం వీటి వేటితోనూ ముడిపెట్టకుండా ఈ నెలలోనే చేయించి, డాక్టరుగారు ఏమన్నారో నాకు రాయండి.